చచ్చిన మందు

చెప్పులు విడుస్తూనే భార్య ఆ మాట చెప్పింది. ఫ్లూ జ్వరం రాకుండా టీకా వేయించుకోమన్నారట. గడప మీద కూర్చుని బూట్లకంటిన పొట్టు గీకుతున్న కోళ్ళాయన చెయ్యి ఆగింది.

"ఎవరన్నారు?"

"నర్సమ్మ. కడుపుతో ఉన్నవాళ్ళందరికీ వేస్తున్నారట. ఎల్లుండి రమ్మంది."

"అందరికీనా?"

"అందరికీ. నాకొక్కదానికే ప్రత్యేకంగా ఏం తయారుచెయ్యలేదులే."

అతను మళ్ళీ బూటు గీకడం మొదలుపెట్టాడు. కోళ్ళ షెడ్డులో పనిచేస్తాడు గనక వీధిలో అందరికీ అతను కోళ్ళాయనే. నోట్లోంచి మాట రాలడం గగనం. చెవులు మాత్రం ఊరుకోవు. ఎంత నిద్రలో ఉన్నా కుళాయి చుక్క తేడాగా పడితే లేచి కూర్చుంటాడు.

లోపల చిక్కుడుకాయలు తుంచుతున్న అతని తల్లి అందుకుంది. "వీణ్ణి మోసినప్పుడు నన్నెవరు పొడిచారే? ఏ సూదీ లేకుండానే నిక్షేపంలా పుట్టాడు."

"నా బాధా అదే అత్తా. అప్పుడొక్క సూది పడుంటే కాస్త మాటలన్నా వచ్చేవేమో."

ముసలామె నవ్వబోయి మానేసింది. "నీకంతా వేళాకోళమే. పోయినసారి సంగతి మర్చిపోయావా?"

ఇంకో చిక్కుడుకాయ తుంచింది. మొదటి కడుపు నిలవలేదు. ఎందుకు నిలవలేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక్కోసారి అలా జరుగుతుందంతే, అంది డాక్టరమ్మ. కోళ్ళాయన ఆ మాట నమ్మలేదు. కారణం లేకుండా షెడ్డులో కోడి మేత మానదు. మనిషి కడుపులో బిడ్డ ఎందుకు పోతుంది? ఎక్కడో ఎవరో ఏదో చేశారు, లేదా చెయ్యవలసింది చెయ్యలేదు. అప్పటినుంచీ ఆమె నోట్లోకి వెళ్ళే ప్రతిదాన్నీ అనుమానంగానే చూస్తున్నాడు. రక్తం పట్టే మాత్ర ఇచ్చినా అటూ ఇటూ తిప్పి, వాసన చూసి గానీ ఆమె చేతికివ్వడు.

ఇప్పుడతని అనుమానం వేరు. అది బయటికి చెప్పుకునేది కాదు.

షెడ్డులో మందు సీసా ఎవరు తెచ్చినా మొదట అడిగే మాట ఒకటుంది: బతికిందా, చచ్చిందా? కోళ్ళకి టీకామందు రెండు రకాలు. రోగం పురుగును నీరసపరిచి, ప్రాణంతోనే ఉంచినది బతికిన మందు. పురుగును చంపేసి చేసినది చచ్చిన మందు. వెనక పనిచేసిన చోట, గుడ్లు పెడుతున్న కోళ్ళకి యజమాని తొందరపడి బతికిన మందు పోయించాడు. తర్వాత గుడ్లు తగ్గాయి. వచ్చినవాటిలో కొన్నింటికి పెంకు లేదు. ఒకదాన్ని కోళ్ళాయన అరచేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగా, మెత్తగా, పల్చటి పొరలో వణుకుతూ ఉంది. మొదటి కడుపు పోయిన రోజున ఆసుపత్రి వరండాలో నిలబడితే, ఎందుకో అదే గుర్తొచ్చింది.

ఈ టీకా ఏ రకం? అడిగితే తెలిసిపోతుంది. కానీ ఆ మాట ఎలా అడగడం? కట్టుకున్నదాన్ని కోళ్ళతో పోల్చాడంటే భార్య బతకనిస్తుందా? అసలే అది నోరున్న మనిషి.

మర్నాడు మందులషాపు దగ్గర ఆగాడు. చాలాసేపు దగ్గుబిళ్ళల డబ్బా వంకే చూశాడు.

"ఏం కావాలి కోళ్ళాయనా?"

"కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ జ్వరం టీకా... మంచిదేనా?"

"డాక్టర్లు చెప్పాక మంచిదే అయ్యుంటుంది," అన్నాడు షాపతను, ఫోనులోంచి తల ఎత్తకుండా.

అయ్యుంటుంది! కోళ్ళాయన ఆ మాటను ఇంటిదాకా నములుతూ వచ్చాడు. తెలిసినవాడు అవును అంటాడు, తెలియనివాడు తెలీదంటాడు. అయ్యుంటుంది అనేవాడు ఏదో దాస్తున్నాడు.

ఆ సాయంత్రమే షెడ్డుకి దాణా లారీ వచ్చింది. డ్రైవరు బస్తా మీద కూర్చుని దగ్గుతున్నాడు. మామూలుగా అయితే నోరు తెరిస్తే కోతలు. ఇవాళ ఒక్కటీ కొయ్యలేదు.

"మా మరదలు ఆసుపత్రిలో ఉందన్నా. ఏడో నెల. మామూలు జ్వరమే కదా అనుకున్నాం. ఊపిరందక గాలి గొట్టం పెట్టారు."

"టీకా?"

"రమ్మన్నారంట. భయపడి వెళ్ళలేదు."

వీణ్ణెవరైనా పంపారా అని కూడా ఒక క్షణం అనుమానించాడు కోళ్ళాయన. కానీ డ్రైవరు మొహంలో కోతలు కోసేటప్పటి మెరుపు లేదు. అతను కూర్చున్న బస్తా కోళ్ళాయనే మొయ్యాలి. ఆ రోజు షెడ్డులోనే ఒళ్ళు రుద్దుకుని, బట్టలు మార్చుకుని ఇంటికొచ్చాడు. భార్యకి దూరంగా, గోడ పక్కన కూర్చుని తిన్నాడు.

"ఏవయ్యా, అలిగావా?"

"లేదు."

"మరి నన్నేదో అంటరానిదాన్ని చూసినట్టు ఆ మూలెందుకు?"

అతను పళ్ళెంలోకే చూశాడు. టీకా వేయిస్తే ఒక భయం. వేయించకపోతే, ఆ రెండో భయాన్ని ఇంటికి మోసుకొచ్చేది తనే.

ఆసుపత్రికి ముగ్గురూ వెళ్ళారు. ముసలామె కాపలాకని బయలుదేరింది. కోళ్ళాయన గది గుమ్మంలో నిలబడి మొత్తం చూశాడు. నర్సమ్మ చేతులు కడిగింది, మంచిదే. మూలనున్న ఫ్రిజ్ తెరిచింది. అందులో టిఫిన్ డబ్బా ఉంది! అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె మంచినీళ్ళ సీసా తీసుకుని తాగి, ఫ్రిజ్ మూసేసి, లోపలి గదికి వెళ్ళింది. అక్కడ తాళం వేసిన ఇంకో ఫ్రిజ్, తలుపు మీద వేడీ చలీ చూపించే అంకెలు. అతను మెడ చాచి ఆ అంకెలు కూడా చదివాడు.

"ఏంటి బాబూ, ఏమన్నా అడగాలా?" అంది నర్సమ్మ.

"ఏం లేదు."

భార్య జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. సూది మూత ఊడింది. కోళ్ళాయన నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆగండి! అది బతికిందా, చచ్చిందా?"

బెంచీ మీదున్న ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. ముసలామె ఉలిక్కిపడి లేచింది. "ఒరేయ్, నీ నోరు పడిపోనూ! లేకలేక నోరు తెరిచి, కడుపుతో ఉన్న పిల్ల ముందు చావు మాటా?"

"ఉండమ్మా." అతను సూది వైపు వేలు చూపించాడు. "టీకాలోది. బతికిందా, చచ్చిందా?"

నర్సమ్మ సూది పక్కన పెట్టింది. నవ్వలేదు. "చచ్చిందే. దీనివల్ల ఆ జబ్బు అంటుకోదు. ముక్కులో కొట్టే రకం ఇంకొకటి ఉంది, అందులోది బతికుంటుంది. అది కడుపుతో ఉన్నవాళ్ళకి వెయ్యం."

"వెయ్యరా?"

"అసలు వెయ్యం. దీనికి చెయ్యి నొప్పి పుడుతుంది, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడొచ్చు. పుట్టిన బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా ఈ టీకా వెయ్యలేం. అందాకా అమ్మ దగ్గర్నుంచి వెళ్ళిన బలమే దానికి రక్ష."

కోళ్ళాయన తలుపు చెక్క పట్టుకున్నాడు. గుడ్లకు రాకముందే తల్లికోళ్ళకి చచ్చిన మందు పొడిచేది అందుకే. పిల్లలు ఆ బలంతోనే గుడ్డులోంచి బయటికొస్తాయి. ఎన్ని వేల కోళ్ళను ఒడిసిపట్టి ఉంటాడు ఈ చేతులతో! అయినా ఈ రెండు రోజులూ ఆ వైపు ఆలోచన పోలేదు. పెంకులేని గుడ్డు ఒక్కటే కళ్ళముందు నిలబడింది.

"అలాగైతే వెయ్యండి," అన్నాడు.

"నువ్వు వెయ్యమనేదేంటి? వేయించుకోవాలని నేను మొన్ననే అనుకున్నా." భార్య కళ్ళు చిన్నవి చేసి చూసింది. "అంటే ఇన్నాళ్ళూ నన్ను కోడిపెట్ట కింద లెక్కేశావన్నమాట!"

బెంచీ మొత్తం నవ్వింది. ఆ నవ్వుల్లోనే సూది దిగి, బయటికొచ్చింది. అయితే ఆమె చెయ్యి అతని చొక్కా అంచుని గట్టిగా పట్టుకునుందని నవ్వినవాళ్ళెవరూ చూడలేదు. అతను చూశాడు. ఆమెకీ భయమేనని అప్పుడు తెలిసింది.

"ఇంట్లోవాళ్ళూ వేయించుకుంటే మంచిది," అంది నర్సమ్మ. "మీరు రండి బాబూ."

కోళ్ళాయన ఒకడుగు వెనక్కి వేశాడు. "నాకెందుకు?"

"లారీ దగ్గు ఇంటికి మోసుకొచ్చేది నేనా?" అంది భార్య. "గోడ మూలకెందుకు చేరావో నాకు తెలీదనుకున్నావా? డ్రైవరు మరదలి సంగతి వీధంతా చెప్పుకుంటోంది."

అతను చొక్కా చెయ్యి మడిచాడు. మొహం గోడకి తిప్పుకుని గొణిగాడు. "ఇదీ చచ్చిందేనా?"

"మందు చచ్చిందే గానీ, మీరు బతికే ఉంటారు," అంది నర్సమ్మ.

బస్సులో ముసలామె ముందు సీట్లో కూర్చుని పక్కావిడకి కొడుకు పరువు తీస్తోంది. భార్య కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మందు వేశాక కోళ్ళాయన షెడ్డులో ఒక పని చేస్తాడు. ఫ్యాన్లు ఆపి, కదలకుండా నిలబడి, కోళ్ళ ఊపిరి వింటాడు. గురక ఉందా, తుమ్ము ఉందా, ఏదన్నా తేడా ఉందా. ఇప్పుడు బస్సు మలుపు దగ్గర ఆగింది. ఇంజను చప్పుడు తగ్గింది. అతను మెల్లగా వంగి, ఆమె ఊపిరి దగ్గర చెవి పెట్టాడు.

"ఇంకా గుడ్డు పెట్టలేదు," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. "సరిగ్గా కూర్చో."

అతను సరిగ్గా కూర్చున్నాడు. చెవి మాత్రం అటే ఉంచాడు.