ఏడవని పిల్ల

చాము ఏడవదని ఊరంతా మెచ్చుకునేది. నాలుగేళ్ల పిల్ల, కిందపడి మోకాలు చీరుకుపోయినా లేచి దులుపుకుని పోతుంది. ఎవరు పిలిస్తే వాళ్ల ఒళ్లో కూర్చుంటుంది. "బంగారట్లా బిడ్డను కన్నావు రాధికా" అని అమ్మలక్కలు అంటే రాధిక పొంగిపోయేది. పొంగక ఏం చేస్తుంది? వారమంతా హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టి, శనివారం సాయంత్రం పెనుకొండ దగ్గరి పల్లెకు వచ్చి, ఆదివారం సాయంత్రం మళ్లీ బస్సెక్కే మనిషి. అడ్డంపడి ఏడవని బిడ్డ దొరకడం అదృష్టమే అనుకుంది.

మొగుడు వీరేష్ గొర్రెలు తోలుకుని నెలల తరబడి ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. పిల్ల కొన్నాళ్లు అవ్వ లక్ష్మక్క దగ్గర, కొన్నాళ్లు ధర్మవరంలో మేనత్త దగ్గర, అవ్వకు జ్వరమొస్తే పక్కింట్లో. ఎక్కడ వదిలినా రాధిక కన్నుగప్పే వదిలేది. అవ్వ కోడిపిల్లల్ని చూపిస్తుంటే తను వెనక వాకిట్లోంచి జారుకునేది. ఆ పక్కల అందరూ చేసే పనే అది. చెప్పిపోతే పిల్ల బెంగ పెట్టుకుంటుందని భయం.

ఒకరోజు పెనుకొండ బస్టాండులో అరటిపళ్లు కొని వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు. రాధిక అటూ ఇటూ వెతికింది. చూస్తే, ముక్కూమొహం తెలియని ఒకావిడ వేలు పట్టుకుని చాము ధర్మవరం బస్సు మెట్టెక్కుతోంది. పరుగున పోయి పట్టుకుంది.

"నీ బిడ్డనా?" ఆవిడ బిత్తరపోయింది. "అమ్మా అమ్మా అని నా ఎంట పడిందమ్మా. తప్పిపోయిందేమో, కండక్టరుకు చెబుదామని ఎక్కుతాండా."

చాము ఇద్దరినీ ఒకేలా చూసింది. ఆ చూపు రాధికను కోసేసింది. బిడ్డకు తనూ ఒకటే, దారిన పోయే ఆవిడా ఒకటే.

వారం తిరక్కుండా ధర్మవరంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. లక్ష్మక్క కూడా వచ్చింది కానీ మూతి ముడుచుకునే వచ్చింది. "నా మనవరాలికేం పిచ్చా?" అని దారంతా సణిగింది. అక్కడ పిల్లల మనసు సంగతులు చూసే కౌన్సిలర్ మేరీ మేడం చామును ఆడుకోనిచ్చి గంటసేపు గమనించింది.

"ఇంట్లోనుంచి పోయేటప్పుడు పిల్లకు చెప్పి పోతావా?"

"లేదు మేడం. ఏడుస్తాదని..."

"దెబ్బ తగిలితే ఎవురి దగ్గరికి పోతాది?"

"ఎవురి దగ్గరికీ పోదు మేడం" అంది రాధిక. అప్పుడు మేరీ మేడం లక్ష్మక్క వైపు తిరిగింది.

"పిచ్చి కాదవ్వా. ఎవురుంటారో, ఎవురు మాయమైతారో తెలీని పిల్ల ఒకరిని నాదని పట్టుకునేది మానేస్తాది. ఇది ఫలానా జబ్బని పేరు పెట్టేముందు ఇంకా నాలుగుసార్లు చూడాల. రాధికా, నీ దగ్గరే పెట్టుకుంటే మేలు. అది కుదిరేదాకా చెప్పి పో, చెప్పిన పొద్దుకు రా. ఏడిస్తే ఏడవనీ."

రాధిక తలదించుకుంది. "నాదే తప్పు."

"పొట్టకోసం పోయినావు. దాన్ని తప్పని నేను అనను."

హిందూపురంలో గది దొరకడానికి రెండు నెలలు పట్టేలా ఉంది. అందాకా పదిహేను రోజులకోసారి సెలవు పెట్టి పిల్లను మేరీ మేడం దగ్గరికి తిప్పింది. ప్రతి ఆదివారం చాము ముందు కూర్చుని, "పనికి పోతాండా తల్లీ. శనివారం పొద్దుగూకేలోగా వస్తా" అని చెప్పేది. "పో" అనేది చాము తలైనా ఎత్తకుండా. ఆ ఒక్క మాటకు రాధిక బస్సులో ఊరు దాటేదాకా కుమిలిపోయేది. శనివారం ఓవర్‌టైమంటే మాత్రం సూపర్‌వైజర్‌ను కాళ్లావేళ్లా పడి బతిమాలి వచ్చేసేది. ఒక్క వారమూ తప్పలేదు.

ఏడో ఆదివారం బయల్దేరబోతే చెప్పులు కనబడలేదు. "కుక్క ఎత్తుకపోయిందేమో" అని లక్ష్మక్క కుక్కను తిట్టిపోసింది. చివరికి గొర్రెల దొడ్డి మూల చాము దొరికింది. చెప్పులు రెండూ పావడా కింద పెట్టుకుని కూర్చుంది.

"ఇయ్యి తల్లీ, బస్సు వస్తాది."

"ఇయ్యను. ఇస్తే పోతావు."

అంటూనే పెదవి వణికింది. ఆపైన గొంతు పగిలేలా ఏడ్చింది.

"చూస్తివా, ఏడిపిస్తివి గదా!" లక్ష్మక్క ఉరికొచ్చింది.

"ఏడవనీ అత్తా." రాధిక బిడ్డను ఒళ్లోకి లాక్కుంది. చాము అమ్మ మెడను కరుచుకుంది. తల్లికీ ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లకు తను పోతుంటే పోవద్దనే మనిషి దొరికింది.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"చెప్పులు నీ దగ్గరే పెట్టుకో. శనివారం వచ్చి నిన్నే అడిగి తీసుకుంటా."

వట్టి కాళ్లతో పరిగెత్తి బస్సెక్కింది. లక్ష్మక్క చంకలో ఉన్న చాము ఆ చెప్పుల్ని గుండెకు హత్తుకుని ఏడుస్తూనే ఉంది.

"ఏమ్మా, కాళ్లకు చెప్పుల్లేకుండా యాడికి?" అన్నాడు కండక్టరు.

"నా కూతురు ఇయ్యలేదన్నా. నన్ను పోనియ్యకూడదని దాచిపెట్టింది" అని రాధిక కళ్లు తుడుచుకుంటూ బస్సంతా వినేలా చెప్పింది.