పెళ్ళి ప్రకటనకు ముందుమాట

ప్రొపెడ్యూటిక్ అనే మాట నాకు రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో ఒక జర్మనీ దొరగారి నోటినుంచి దొరికింది. ఆయన దాన్ని ఒక్కసారే అన్నారు. ఆ తర్వాత నేను అనని రోజు లేదు. అసలు చదువుకు ముందు మనిషిని సిద్ధం చేసే చదువని దాని అర్థం. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద మాట ఉందని తెలియగానే నాకు దానిమీద ప్రేమ పుట్టింది. జ్ఞానమ్మ మీద పుట్టింది ఆ తర్వాతే.

నా పేరు యెహెజ్కేలు. నరసాపురానికి ఎగువన, గోదావరి ఒడ్డు పల్లెలో మిషను బడి పంతులును, గుడిలో ఉపదేశిని. భోజనం చేశారా అని ఎవరైనా అడిగితే వరి పుట్టుపూర్వోత్తరాలనుంచి మొదలుపెట్టే రకాన్ని. అక్షరమంటే ఏమిటో ముందు తెలియాలని నేను పట్టుబట్టడంతో నా బళ్ళో పిల్లలు సంక్రాంతి దాటినా 'అ' దగ్గరికి రాలేదు.

జ్ఞానమ్మ గోదావరి నడుమ ఎదుటి లంకలో ఉండే ముసలయ్యగారి కూతురు. లేసు అల్లుతుంది, తక్కువ మాట్లాడుతుంది. మా ఇద్దరికీ పెళ్ళి కుదిరింది. మా సంఘంలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండని అడగాలి. రెండుసార్లు పాస్టరు అయ్యగారే చదివారు. మూడో ఆదివారానికి ఆయన వేరే ఊరు వెళ్తూ ఆ పని నాకు అప్పగించారు.

"సోమవారం పొద్దున్నే వచ్చి పెళ్ళి చేస్తానండి. మూడోసారి సంఘం వినకపోతే మాత్రం చెయ్యను. రూలు రూలే" అన్నారు.

ఆ గురువారమే ముసలయ్యగారి కుటుంబం కాకినాడలో బర్మాలోని రంగం పోయే ఓడ ఎక్కుతోంది, అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి. పెళ్ళయితే జ్ఞానమ్మ నాతో ఉంటుంది. లేకపోతే వాళ్ళతో పోతుంది. రంగం పోయినవాళ్ళు ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో ఎవరూ చెప్పలేరు.

గుడి గుమ్మం దగ్గర జ్ఞానమ్మ నన్ను ఆపింది. "రెండు పేర్లూ చదివేసి కూర్చోండి. ఇంకేం వద్దండి."

"అంతేగా" అన్నాను. నిజంగా అంతే అనుకున్నాను కూడా.

తీరా లేచి నిలబడేసరికి గుడి నిండా జనం. వంద కళ్ళు నా మీదే. ఉత్త పేర్లు చదవడం ఆకు వెయ్యకుండా అన్నం వడ్డించినట్టు అనిపించింది.

"ప్రియమైన సంఘమా, ఈ ప్రకటన పెళ్ళికి ప్రొపెడ్యూటిక్ వంటిది" అని మొదలుపెట్టాను.

ఇక నన్ను ఆపేదెవరు? ఇది గ్రీకు మాట అన్నాను. మొదటి ముక్కకు 'ముందు' అనీ, రెండో ముక్కకు 'బిడ్డకు చదువు నేర్పడం' అనీ అర్థం చెప్పాను. గ్రీసు తత్త్వవేత్తలు లెక్కలూ రేఖాగణితమూ వస్తేగాని తత్త్వం జోలికి రానిచ్చేవారు కాదన్నాను. తర్వాత క్రైస్తవ పండితులు వచ్చి, ఆ తత్త్వమే ముందు చదువు, అసలుది మా దగ్గరుంది పొమ్మన్నారు. ఆపైన జర్మనీవాళ్ళు తర్కాన్ని పట్టుకొచ్చి బళ్ళలో పెట్టారు. ప్రతివాడూ ముందువాడి అసలు చదువును తన ఇంటికి అరుగు చేసుకున్నాడన్నమాట. ఈ చివరి ముక్క నా సొంతం. మెచ్చుకుంటారేమోనని కాస్త ఆగాను. ముందు వరసలో ఎవరో గురక పెట్టారు.

అప్పుడే రేవులోంచి పడవ బుల్లియ్య కేక వినిపించింది. "పోటు తీసేస్తందండోయ్! లంకోళ్ళు వచ్చెయ్యాలి! ఇంకాసేపైతే పడవ బురదలో కూర్చుంటది!"

సంఘంలో ముప్పాతిక మంది లంకవాళ్ళే. ఒక్కొక్కరే లేస్తున్నారు.

"ఉపదేశిగారూ, పేర్లండీ!" అన్నారు ముసలయ్యగారు.

"వస్తున్నానండి, లాటిను ఒక్కటే మిగిలింది" అన్నాను. మహానుభావుణ్ణి!

ముసలయ్యగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "మనకి రాసిపెట్టి లేదమ్మా. పద, రంగం పోదాం" అన్నారు కూతురితో.

అప్పటికిగాని నాకు తెలివి రాలేదు. గబగబా కాగితం తీశాను. గ్రీసునుంచి జర్మనీదాకా ఆగకుండా నడిచిన నోరు, జ్ఞానమ్మ పేరు దగ్గర పెగల్లేదు.

ఆడవాళ్ళ వైపునుంచి జ్ఞానమ్మ లేచింది.

"కూర్చో నాన్నా. మీరందరూ ఒక్క నిమిషం కూర్చోండి." ఆమె సంఘంవైపు తిరిగి నిలబడింది. "నేను ముసలయ్యగారి కూతుర్ని, జ్ఞానమ్మని. ఈ యెహెజ్కేలు ఉపదేశిగారిని చేసుకుంటున్నానండి. ఇది మూడోసారి చెప్పడం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

పెళ్ళికూతురే తన ప్రకటన చెప్పుకోవడం మా గుడిలో ఎవరూ ఎరగరు. చెప్పకూడదన్న రూలూ ఎవరికీ గుర్తురాలేదు. ముసలయ్యగారు కూర్చున్నారు. ఆయన్ని చూసి లంకవాళ్ళూ కూర్చున్నారు. ఎవరూ నోరు మెదపలేదు.

జ్ఞానమ్మ నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"నాకు రంగం పోవాలని లేదండి. మీకేమన్నా అభ్యంతరమా?"

చెప్పవలసినవి బోలెడు గొంతుదాకా వచ్చాయి. అన్నీ మింగేశాను.

"లేదండి" అన్నాను.