కిటికీ కింది కన్నాలు

"తీసుకుపో," అన్నాడు వెర్ల్. "లోపల ఎలకలున్నాయి. వాటిని కూడా తీసుకుపో."

అన్నాచెల్లెళ్లిద్దరూ అతని షెడ్డు వెనక, నడుమెత్తు గడ్డిలో నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు, తండ్రి ఆర్వల్ 1968లో కొత్తగా కొన్న క్యాంపర్ ఉంది. ట్రక్కు వెనక తొట్టిలోకి జారించి కూర్చోబెట్టుకునే అల్యూమినియం గది అది. లోపల పొయ్యి, ఐసు పెట్టె, మడతబల్ల, ట్రక్కు నెత్తి మీదికి పొడుచుకొచ్చిన పడక. ఒకప్పుడు ఎల్క్ దుప్పుల వేటకు కొండెక్కే ట్రక్కుల్లో దాని మెరుపే మెరుపు. ఇప్పుడు ఒక పక్కకు ఒరిగి, పడక కింది రేకు పొట్టలా జారిపోయి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తన రోగాలు చెప్పుకునే ముసలిదానిలా ఉంది.

"జాకీలు మాత్రం నావి," అన్నాడు వెర్ల్ మళ్లీ. "ఎత్తడానికీ దించడానికీ వాడుకో. పనయ్యాక నా నాలుగు జాకీలూ నాకు రావాలి."

"నీ జాకీలు నేనేం చేసుకుంటాను, వేయించుకు తింటానా? నాన్న వస్తువుని ఇరవై రెండేళ్లు కుళ్లబెట్టావు గానీ ఇనప ముక్కల మీద ఎంత ప్రేమ!"

మాట్లాడకపోవడం వెర్ల్‌కి అలవాటు, ఆ ఖాళీని తన మాటలతో నింపడం ఆర్లిస్‌కి అలవాటు. ఇరవై రెండేళ్లుగా ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ, పండగ విందులో టర్కీ కోడి కోత అయిపోయి, గుమ్మడి పై అనే తీపి రొట్టె బల్ల మీదికి రాగానే, "ఏం వెర్ల్, నాన్న క్యాంపర్ ఇంకా నిలబడే ఉందా?" అని ఆమె అడిగేది. అతను పై నమిలేవాడు. నమలడానికి పై చాలకపోతే ఇంకో ముక్క వేసుకునేవాడు.

ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆర్లిస్‌కి పద్నాలుగేళ్లు, వెర్ల్‌కి పదహారు ఉన్నప్పుడు, ఎల్క్ వేట మొదలయ్యే వారంలో, వాగు మలుపు దగ్గర క్యాంపులో ఒక రాత్రంతా వాన కురిసింది. తెల్లారేసరికి తండ్రి పరుపు నీళ్లలో తేలుతోంది. కిటికీ పక్కన పడుకున్నది వెర్ల్. "కిటికీ మూశానన్నాడు వెధవ. మూస్తే నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి, వీడి కళ్లలోంచా?" అని ఆర్వల్ బతికున్నంత కాలం చెప్పాడు. పిల్లాడు కిటికీ తెరిచి పెట్టినందుకు కాదు, అబద్ధమాడినందుకు, మళ్లీ వేటకు తీసుకెళ్లలేదు. మరుసటేడు ఆ చోట్లో ఆర్లిస్‌ని కూర్చోబెట్టుకున్నాడు. పదకొండేళ్లు ఆమే వెళ్లింది. మొదటి ఎల్క్‌ని పడగొట్టింది కూడా అక్కడే. ఆ తర్వాత క్యాంపర్‌లో ఎక్కడ చెమ్మ కనిపించినా తండ్రి "ఆ రాత్రి వాడు నానబెట్టిందే" అని సిలికాన్ జిగురు గొట్టం తీసి, పైన ఇంకో పూత పూసేవాడు. పోయేముందు వీలునామాలో రాయించాడు: క్యాంపర్ వెర్ల్‌కి, పాడుచేసినవాడే బాగుచేసుకోవాలి కనక.

బాగుచేయలేదు. అందుకే ఇప్పుడు ఆర్లిస్ చేస్తోంది. ఆమెకు కావలసింది ఒకటే. మెరిసే క్యాంపర్ ముందు వెర్ల్‌ని నిలబెట్టి, "నేనే పాడుచేశానే" అని అతని నోటితో అనిపించాలి.

మే నెలలో పని మొదలైంది. ఆమె మొగుడు గార్త్ కొట్టంలో జాకీల మీద క్యాంపర్‌ని నిలబెట్టి, "ఇక నీ ఇష్టం. నన్ను పిలిచినప్పుడు వస్తాను, పిలవనప్పుడు చూస్తాను," అన్నాడు.

మొదటి నెలంతా సిలికాన్ గీకడంతోనే సరిపోయింది. పొర మీద పొర, పెళ్లి కేకు మీద పంచదార పూతలా. లోపలికొచ్చిన నీళ్లు బయటికి పోవడానికి దారి లేకుండా తండ్రి ఎంతో శ్రద్ధగా అన్ని మూలలూ మూసేశాడు. ఆ శ్రద్ధకి కూడా ఆర్లిస్ వెర్ల్‌నే తిట్టుకుంది. తర్వాత మూల పట్టీలు ఊడదీసి, రేకులు ఒక్కొక్కటే విప్పి, ఎలకల గూళ్లు బకెట్లతో ఎత్తిపోసింది. ఒక గూటిలో తండ్రి ఉన్ని మేజోడు ఒకటి దొరికింది. రెండోది ఎలకలకి కూడా దొరికినట్టు లేదు.

రేకు కింద ఉండాల్సిన చెక్క చాలాచోట్ల చెక్కగా లేదు. తడిసిన కాఫీ పొడిలా చేతిలోకి వచ్చేసింది.

"చూశావా?" అంది గార్త్‌తో. "ఇరవై రెండేళ్ల వెర్ల్ ఇది. చేత్తో తియ్యొచ్చు."

గార్త్ టార్చి వేసి అటూ ఇటూ చూశాడు. "పైకప్పు చెక్క బాగానే ఉందే. కుళ్లంతా కిటికీల కింద మొదలై కిందికి దిగింది. ప్రతి కిటికీ కిందా అంతే. పడక పక్కది మాత్రమే కాదు."

"అయితే అన్ని కిటికీలూ తెరిచి పెట్టాడు."

"ఒకే రాత్రి? అయిదూ?"

ఆర్లిస్ వినిపించుకోలేదు. కిటికీ చట్రాలు విప్పి, బల్ల మీద పెట్టి, పాత జిగురు గీకుతూ కూర్చుంది. పడక పక్క కిటికీ చట్రం అడుగు గాడిలో ఆమె గీకుడుకత్తి ఒకచోట దిగబడింది. గట్టిపడిన పుట్టీ. లాగితే వేలిగోరంత ముక్క ఊడి వచ్చింది. దాని వెనక సన్నని పొడుగాటి కన్నం. పక్కన ఇంకోటి. ఇంకోటి. మొత్తం మూడు.

"గార్త్, ఇవేంటి?"

గార్త్ వచ్చి వంగి చూశాడు. "నీళ్లు పోవడానికి. కిటికీ మూసే ఉన్నా గాడిలోకి వాన వస్తుంది కదా, ఈ కన్నాల్లోంచి బయటికి కారిపోతుంది. ఇవి మూసేస్తే గాడి నిండి లోపలికే పొంగుతుంది." చట్రాన్ని వెలుతురుకి పట్టుకుని బయటి వైపు చూసి, ఈల వేశాడు. "ఎవడో తెలివైనవాడు మూసేశాడు. పైన వెండి రంగు కూడా వేశాడు చూడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పని మాత్రం ఎంత నీటుగా చేశాడు! ఎక్కడ పెట్టాడో కనిపించడం లేదు."

ఎక్కడ పెట్టిందో కనిపించదు.

ఆ మాట ఆర్లిస్ పుట్టింట్లో కొత్తది కాదు. ఆ వాన కురిసిన ఏడు, వేసవిలో తండ్రి ఆమె చేతికి పుట్టీ డబ్బా ఇచ్చి, "సందు కనిపించిన చోటల్లా మూసెయ్యి తల్లీ," అన్నాడు. ఆమె ఐస్‌క్రీమ్ పుల్లతో నొక్కి, ఉమ్ము తడితో నున్నగా చేసి, పొయ్యి గొట్టానికి వేసే వెండి రంగు పూసింది. అయిదు కిటికీలు, పదిహేను కన్నాలు. వచ్చినవాళ్లందరినీ తండ్రి క్యాంపర్ చుట్టూ తిప్పి, "మా పిల్ల చేతిపని చూడండి, పుట్టీ ఎక్కడ పెట్టిందో కనిపించదు," అని చూపించాడు. మూడు నెలలకి వేట. వేటలో వాన.

"ఏమైంది?" అన్నాడు గార్త్.

"ఏం లేదు. నడుం పట్టేసింది."

మిగతా పన్నెండు ముక్కలూ ఆమె ఒక్కతే, గార్త్ ఊళ్లోకి వెళ్లినప్పుడు తీసింది.

తర్వాత పని ఆగలేదు. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. కొత్త దేవదారు బద్దలు కోసి చట్రం కట్టింది, ప్లైవుడ్ బిగించింది, రేకులు కింది వరస నుంచి పైకి, పైది కిందిదాని అంచు కప్పేట్టు ఎక్కించింది, కిటికీలు మెత్తటి జిగురు పట్టీ మీద కూర్చోబెట్టింది. ఆగస్టంతా అల్యూమినియం రుద్దింది. రుద్దుతూ వెర్ల్‌తో ఏమనాలో రకరకాలుగా అనుకుంది. మొదట్లో అవి పెద్ద పెద్ద వాక్యాలు. నెల చివరికి, ఏమీ అనకుండా చూపిస్తే అతనికే అర్థమవుతుందిలే అన్న దగ్గరికి వచ్చి ఆగాయి. ఇల్లు నడిపిన ఆడవాళ్లకి తెలిసిన చిట్కానే ఇది. పాడైన కూర మీద కొత్తిమీర చల్లడం.

సెప్టెంబర్ చివర, క్యాంపర్‌ని జాకీల మీద నుంచి గార్త్ ట్రక్కులోకి దించి గొలుసులు బిగించిన రోజున, వెర్ల్‌ని పిలిచింది. యాపిల్ పై కూడా చేసింది. గుమ్మడి పై చెయ్యడానికి చెయ్యి రాలేదు.

వెర్ల్ టోపీ వెనక్కి నెట్టుకుని క్యాంపర్ చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. రేకులో అతని మొహం ముక్కలు ముక్కలుగా అతనితో పాటే తిరిగింది. పడక పక్క కిటికీ దగ్గర ఆగి, చట్రం అడుగున వేలు పెట్టి రాశాడు. ఒకటి, రెండు, మూడు.

"కన్నాలు తెరిచావే," అన్నాడు.

ఆర్లిస్ నోట్లో ఉన్న మాటలన్నీ ఒకదాని కాలు ఒకటి తొక్కుకున్నాయి. "నీకు... తెలుసా?"

"నాన్న పోయిన ఏడే తెలిసింది. ఇంటికి తెచ్చుకున్నాక మొదటి వానకి చూశాను. గాడి నిండా నీళ్లు. మేకు పెట్టి పొడిచాను. మేక ఉచ్చ పోసినట్టు కారాయి."

"మరి చెప్పొచ్చుగా!"

"ఎవరికి? నాన్నని మట్టిలో పెట్టేశాం."

"నాకు."

"నువ్వు ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ అడుగుతూనే ఉన్నావు కదే. ఎన్నాళ్లడుగుతావో చూద్దామనుకున్నా." కిటికీ అద్దం మీద వేలిముద్రని చొక్కా చేతితో తుడిచాడు. "పొడిచిన కన్నాన్ని మళ్లీ పుట్టీ పెట్టి మూసేశాను. నీ పనితనం చెడగొట్టడం ఎందుకని. నీకొచ్చినంత నీటుగా నాకు రాలేదులే."

"వెర్ల్, నాకు తెలీదు. అప్పుడు నేను చిన్నపిల్లని."

"నేనూ చిన్నపిల్లాడినే."

గార్త్ కొట్టంలో వెతుక్కోవడానికేదో ఉన్నట్టు లోపలికి పోయాడు.

"వచ్చే నెల వేటకి ముందే వెళ్లి వాగు మలుపు దగ్గర చోటు పట్టుకుందాం," అంది ఆర్లిస్. "ఇద్దరం. పై పడక నీది."

వెర్ల్ ఆ పడక వైపు చూశాడు. వేటకి రమ్మని అడగాల్సిన వయసులో అడగనివాళ్లు అరవై దాటాక అడిగితే ఎలా ఉంటుందో రుచి చూస్తున్నట్టుగా.

"నేను అందులో పడుకోను," అన్నాడు. "బాగా చేశావు. నిజంగానే బాగా చేశావు. జాకీలు ఎక్కడున్నాయి?"

నాలుగు జాకీలూ తన ట్రక్కులో వేసుకుని, పై తినకుండా వెళ్లిపోయాడు.

జాకీలు లేకపోతే క్యాంపర్ ట్రక్కు మీద నుంచి దిగదు. నత్తకి గుల్లలా అక్కడే ఉంటుంది. ఈ ముక్క గార్త్‌కి పొయ్యిలోకి ట్రక్కులో కట్టెలు తేవాల్సొచ్చినప్పుడు తెలిసొచ్చింది. "కొత్త జాకీలు తెచ్చుకుందాం," అన్నాడు. "వద్దు, ఆ జాకీలే అడుగుతాను," అంది ఆర్లిస్. కానీ అడగలేదు. వేట రోజులు వచ్చాయి, పోయాయి. ఆమె ఇల్లంతా వీపున వేసుకుని బంగాళాదుంపలకీ, చర్చికీ, దంతవైద్యుడి దగ్గరికీ వెళ్తోంది. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే నడీన్‌ది ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"ఎక్కడికి ప్రయాణం, ఆర్లిస్?"

"స్టాంపులకి."

నవంబర్లో, థాంక్స్‌గివింగ్‌కి ముందు వారం, వానలో వెర్ల్ ఇంటి మీదుగా వెళ్లింది. ఆ ఏడు ఎవరూ ఎవర్నీ పిలవలేదు. నాలుగు జాకీలూ గేటు పక్కన, రోడ్డు మీద పోయేవాళ్లకి కనబడేట్టు, వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద కప్పు లేదు, గోనె లేదు. మరల దగ్గర అప్పుడే ఎర్రగా తుప్పు మొదలైంది. వెర్ల్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆమెనే చూస్తున్నాడు.

ఆర్లిస్ ట్రక్కు ఆపి, అద్దం దించింది. నూనైనా పుయ్యవేం, ఇలా వదిలేస్తే పాడైపోవూ, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

వెనక పదిహేను కన్నాల్లోంచీ నీళ్లు బయటికి కారుతున్న చప్పుడు వినబడింది.

అద్దం పైకెత్తి, ట్రక్కు ముందుకి పోనిచ్చింది.