ఇరవై రెండు జతలు

సారయ్య మురుగు మోరీలో కాలు పెట్టినప్పుడు బూట్లు పది గజాల దూరంలోనే ఉన్నాయి. సంచిలో. సంచి వ్యాన్‌లో. వ్యాన్‌కు తాళం.

అది ‘నగరబాట’లో ఆరో రోజు. మేయర్ గారు నెలంతా రోజుకు రెండు వాడలు తిరుగుతారు, పొద్దున సుబేదారి వైపు ఒకటి, మధ్యాహ్నం కాజీపేట వైపు ఒకటి. బాట ఆయనది, పాట్లు సఫాయి కార్మికులవి. దండలు ఆయనకు, దండన వీళ్లకు. ఆయన రావడానికి గంట ముందు కాంట్రాక్టర్ వెంకట్రాజం వ్యాన్ వస్తుంది. అందులోంచి ఇరవై రెండు జతల రబ్బరు బూట్లు దిగుతాయి. వాటిని తొడుక్కుని వరుసగా నిలబడి స్వాగతం చెప్పాలి. ఆ స్వాగతంలో వాళ్ల గతం ఎవడికీ అక్కర్లేదు. మేయర్ చీపురు పడతారు. ఊడ్చిన రోడ్డు మీదే, ఊడ్చినవాళ్లే మళ్లీ తెచ్చి చల్లిన ఎండుటాకుల మీద! ఫొటోలు అయిపోతాయి. కారు కదులుతుంది. బూట్లు విప్పి సంచిలో వేయాలి. మధ్యాహ్నానికి అవే బూట్లు కాజీపేటలో ఇంకొకళ్ల కాళ్లకు ఎక్కాలి.

బూట్లు సర్ది అప్పగించేది మొగిలమ్మ. పద్దెనిమిదేళ్లుగా సుబేదారి వైపు వీధులు ఊడుస్తున్న మనిషి. పరాయి వస్తువు ఇంట్లో ఉంటే నిద్రపట్టని మనిషి. బూట్లను నల్లా కింద కడిగి, తుడిచి, జతకు జత కలిపి ఇచ్చేది. “మొగిలమ్మ చేతిల పడితే ఒక్క జత పోదు” అని వెంకట్రాజం అంటే ఆమె మెడ కాస్త నిటారయ్యేది.

ఆరో రోజు మేయర్ వెళ్లిపోయాక సారయ్య అడిగాడు.

“అక్కా, నా జత ఉండనియ్యే. మోరీల దిగేదున్నది. అండ్ల సీస పెంకలున్నయి.”

“అడిగి తీసుకోవాలె తమ్మీ. మనది కాదు గద.”

“ఎవ్వల్ని అడగాలె?”

“వెంకట్రాజం సారును.”

సారు ఫోనెత్తలేదు. మొగిలమ్మ ఆ జతను కూడా కడిగి సంచిలో వేసింది. అరగంటకు సారయ్య వట్టి కాళ్లతో దిగాడు. పగిలిన సీసా పాదంలో దిగింది. నాలుగు రోజులకు దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు.

“మేయర్ సార్ పోంగనే ప్రోగ్రాం అయిపోయింది. గా టైంల ఆడు దిగితే నాకేం సంబంధం?” అన్నాడు వెంకట్రాజం.

పదకొండో రోజు పని ముగిశాక హాజరు షెడ్డు ముందు అందరూ కూర్చున్నారు. సారయ్య పోను ఇరవై ఒక్క మంది. వాళ్లలో చిన్నది, నోరు మాత్రం పెద్దది అయిన సుకన్య మొదలుపెట్టింది.

“ఫ్లెక్సీ మీద ‘మన నగరం మన నగ’ అని రాసిండ్లు. నగ ఆళ్లకు, నగుబాటు మనకు!”

“ఒర్రకు బిడ్డా, మెల్లగ” అన్నాడు ముసలి నర్సయ్య. “కాంట్రాక్టు నౌకరి. రేపు హాజరు పట్టీల పేరుండదు.”

“సారయ్య పేరున్నది గద మామా. వేళ్లే లేవు.”

“మేయర్ సారుకు కాయితం ఇద్దాం మరి” అన్నాడు నర్సయ్య.

“ఎన్ని కాయితాలు ఇయ్యలే? ఇచ్చినయి మల్ల మనమే ఊడ్చినం!”

నవ్వారు. మొగిలమ్మ నవ్వలేదు. తన చేతులు చూసుకుంటోంది.

“ఆ సంచి నేనే నింపిన” అంది. “ఒక్క జత అడిగిండు పిలగాడు. కడిగి మరీ సంచిల ఏసిన. ఆని కాలు కోసిన దాంట్ల నా చెయ్యి గూడ ఉన్నది.”

చేతులు కొంగుకు తుడుచుకుని అందరి వైపూ తిరిగింది.

“రేపు సంచి నింప. బూట్లు ఇప్ప. మీరూ ఇప్పకుర్రి.”

“దొంగలంటరే మొగిలీ” అన్నాడు నర్సయ్య.

“ఒక్కలు ఇప్పకపోతే దొంగతనం. అందరం ఇప్పకపోతే ఏమంటరో సూద్దాం.”

“అందర్ని పనిలకెల్లి తీసేస్తే?”

“తీసేస్తే ఆయినకు ఆకులు సల్లేదెవ్వలు మామా?” అంది సుకన్య. నర్సయ్యకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వే ఆయన ఓటు.

పన్నెండో రోజు పొద్దున బూట్లు వచ్చాయి. అన్నీ మగవాళ్ల సైజే. మొగిలమ్మ పాదాలు అందులో ఈత కొడతాయి. ఆమె పేపరు ముక్క చింపింది. దాని మీద మేయర్ గారి నవ్వు ముఖం. ఉండగా చుట్టి బొటనవేలి ముందు కుక్కింది. బూటు సరిపోయింది. ఎవరూ తొడగని సారయ్య జతను చంకలో పెట్టుకుంది.

“ఈ నగరానికి అసలైన పాలకులు మీరే!” అన్నారు మేయర్ మైకులో. ఆ పాలకులకు పొద్దుటినుంచి పాలులేని చాయ్ కూడా అందలేదు. చీపురు పది సెకండ్లు, ఫొటోలు పది నిమిషాలు. ఆయన కారెక్కారు.

వ్యాన్ డ్రైవర్ సంచి తెరిచాడు. “ఇప్పుర్రి ఇప్పుర్రి, జల్ది. కాజీపేట పోవాలె.”

ఒక్క కాలూ కదల్లేదు.

వెంకట్రాజం ఉరికొచ్చాడు. “ఏందే మొగిలమ్మా, చెవులు వినవడ్తలేవా?”

“వినవడ్తానయి సారూ. కాళ్లే వింటలేవు.”

కారు అద్దం దిగింది. మేయర్ తల బయటపెట్టారు. మొగిలమ్మ నేరుగా కారు దగ్గరికి నడిచి సారయ్య జత చూపించింది.

“సార్, గీ బూట్లు కాలికుంటే మా సారయ్య వేళ్లు పోయేటియి కావు. ఇగ ఇప్పం. కాజీపేటోళ్లకు వేరే జతలు తెప్పియ్యుర్రి.”

“చూద్దాం అమ్మా. ముందైతే ఇచ్చేయండి. అక్కడ మీడియా వెయిట్ చేస్తోంది.”

అద్దం పైకి లేచింది. లేచిన అద్దంలో మొగిలమ్మకు తన ముఖమే కనబడింది. ఆ ముఖంలో భయం లేదని ఆమే ముందుగా చూసింది.

పోలీసు వ్యాన్ వచ్చింది. సర్కారు సొమ్ము దొంగతనమట! ఇరవై ఒక్క మంది బూట్లతోనే వ్యాన్ ఎక్కారు. దారిలో సుకన్య కాజీపేటలో వీధులు ఊడ్చే సమ్మమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

ఠాణాలో ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. “కేసు లేదు, గీసు లేదు. బూట్లు ఇప్పుర్రి, ఇంటికి పోర్రి.”

ఎవరూ వంగలేదు. గంట గడిచింది. రెండోసారి చెప్పాడు, ఈసారి లాఠీ బల్ల మీద పెట్టి. మధ్యాహ్నం మూడు దాటాక సుకన్య ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది. సమ్మమ్మ గొంతు ఠాణా అంతా నిండింది.

“సుకన్యా, గీడికి మేయరొచ్చిండే! బూట్లేవి అన్నడు. ఠాణాల మా అక్కల కాళ్లకున్నయి అన్నం. వట్టి కాళ్లు ముంగటికి జాపి రోడ్డు మీద కూసున్నం. ఆకులు గూడ సల్లలే!”

వెనకనుంచి నినాదాలు. ఎస్సై లేచి నిలబడ్డాడు. “ఆఖరిసారి చెప్తాన. ఇప్పుతరా, ఇప్పరా?”

మొగిలమ్మ నర్సయ్య వైపు చూసింది. ముసలాయన కాలెత్తి నేలను తొక్కాడు. పక్కన సుకన్య తొక్కింది. తరవాత వరుసంతా. మొగిలమ్మ వంగింది. ఎస్సై ఆమె విప్పుతుందనుకున్నాడు. ఆమె పక్కన పెట్టిన సారయ్య జతను రెండు చేతుల్లోకి తీసుకుని, అందరితోపాటు నేలకేసి కొట్టింది.

ఆ ఠాణాలో అంతదాకా బూట్ల చప్పుడు ఒకవైపు నుంచే వినబడేది.