తడిపిన తెర వెనక

జట్కా గుర్రం ఒకటి మాణిక్యాంబ వంటింటి గుమ్మం ముందు నిలబడి తీరిగ్గా గడ్డి నములుతోంది, దాన్ని అదిలించబోయి ఆవిడ గుమ్మం దాటితే అవతల పెరడు లేదు, టూరింగు సినిమా గుడారం ఉంది, తీరా చూస్తే ఆ గుడారానికి పాతిన రాటలన్నీ ఆవిడ వసారా స్తంభాలే. ఇదేం చోద్యమమ్మా అనుకునేలోపే బెంచీ మీద ఒక మనిషి జరిగి చోటిస్తాడు. పెళ్లికొడుకు వేషం, నుదుట బాసికం, మోకాళ్లదాకా బురద. ముప్పై అయిదేళ్లకి మించి ఉండవు. ఆవిడ తండ్రి పేర్రాజు.

"కూచో అమ్మడూ. జుట్టంతా అలా నెరిసిపోయిందేవిటే?"

"నాకు డెబ్బై నిండుతున్నాయి నాన్నా. నువ్వే నాకంటే చిన్నవాడివైపోయేవు."

సినిమాలకి ఇంకా మాటలు రాని రోజుల్లో పేర్రాజు ఒకే ఒక్క బొమ్మలో వేశాడు. "జట్కా పెళ్లికొడుకు", ఇరవై నిమిషాల నవ్వుల బొమ్మ. ముహూర్తం మించిపోతోందని జట్కాలో పరుగెత్తుకొస్తున్న పెళ్లికొడుకు పల్టీ కొట్టి బురదగుంటలో పడతాడు, పడ్డవాడు లేవకుండా ముందు శ్రద్ధగా బాసికం సర్దుకుంటాడు. ఆ పడటంలో కుడికాలు నిజంగానే విరిగింది. మళ్లీ ఆయన వేషం కట్టలేదు, కర్ర లేకుండా నడవనూ లేదు. ఆ బాసికం సర్దుకోవడం మాత్రం నాటకాలవాళ్లూ సినిమాలవాళ్లూ ఎత్తుకుపోయి, అది ఎవరిదో తెలియకుండానే ఇన్నేళ్లుగా చప్పట్లు కొట్టించుకుంటున్నారు.

ఎక్కడో మూలపడ్డ ఆ రీళ్లు దొరికాయనీ, ఈ సాయంత్రమే టౌనుహాల్లో వేస్తున్నామనీ, ముందు వరసలో కూర్చోవాలనీ సినిమా క్లబ్బువాళ్లు వచ్చి బతిమాలితే మాణిక్యాంబ ససేమిరా అంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఇప్పుడు పక్కనే ఉన్నాడు, గుడారం కాసేపు ఆస్పత్రి వరండా అవుతుంది, మళ్లీ గుడారమవుతుంది, ఆవిడ అరచెయ్యి ఎందుకో చల్లగా తడిగా ఉంది.

"నాన్నా, మనూళ్లో ఈ బొమ్మ వేసిన రోజు నేను నవ్వేను. ఎనిమిదేళ్లు నాకు. తెర మీద నువ్వు పడగానే పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వేను. నువ్వు కర్ర తీసుకుని లేచెళ్లిపోయేవు. నీ నవ్వు చూళ్లేకే ఆయన లేచెళ్లిపోయేరే అంది అమ్మ. ఆ వానాకాలమే నువ్వు..."

"జొరం తగిలి పోయేను. దానికీ నీ నవ్వుకీ సంబంధం ఏవిటే?" పేర్రాజు నుదుటి బాసికం సర్దుకుని, "మీ అమ్మ ఆ బొమ్మలో నవ్వు చూళ్లేదే. కట్టు కట్టిన కాలే చూసింది. దాన్నేవనకు" అంటాడు.

"అయినా, కాలు విరిగిన మనిషివి, అమ్మో అని అరవకుండా బాసికం సర్దుకున్నావేవిటి?"

"కెమేరా పిడి తిప్పేవాడు తిప్పుతూనే ఉన్నాడే! ఏడుపు మొహం పెడితే ఫిలిం దండగైపోదూ?"

చెయ్యి పట్టుకుని, కర్ర లేకుండానే, ఆయన ఆవిడని తెర వెనక్కి నడిపిస్తాడు. అక్కడ ఇద్దరు మనుషులు డబ్బాలతో తెరగుడ్డ మీద నీళ్లు చల్లుతున్నారు, గుడ్డ తడిస్తేనే వెనక కూర్చున్న చౌక టిక్కెట్టు జనానికి బొమ్మ కనబడేది. ఇటునించి అన్నీ తిరగబడి ఉన్నాయి. జట్కా అటుకి బదులు ఇటునించి వస్తుంది, పేర్రాజు పడతాడు, ఎడంకాలు మడతపడుతుంది.

"చూసేవా, ఇటు కూచుంటే నా కుడికాలు సుబ్బరంగా ఉంటుంది."

"అందుకా లేచొచ్చేవు?"

"కాదే పిచ్చిమొహవా. నీ పక్కన కూచుంటే అంతా చీకటి. నీ నవ్వు వినబడింది గానీ నువ్వు కనబళ్లేదు. ఇలా తెర పక్కకొచ్చి నిలబడితే వెలుగంతా నీ మొహం మీదే." ఆయన తెర అంచు కాస్త తప్పిస్తాడు. అవతల వందల మొహాలు, వాటి మధ్య రెండు జడల పిల్ల ఒకతె, పళ్లూడిన నోరంతా తెరిచి కళ్లనీళ్లు కారేట్టు నవ్వుతోంది. "బొమ్మ అయిపోయేదాకా ఇక్కడే నిలబడ్డానే. తెర వంక చూడనేలేదు."

అరవై ఏళ్లుగా గుండెల మీదున్న బరువు దిగిపోయి మాణిక్యాంబకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వస్తాయి, నీళ్లవాళ్లు మరో డబ్బా ఎత్తుతారు, ఆ చల్లదనం ఈసారి మోచేతిదాకా పాకుతుంది.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. నిద్రలో చెయ్యి తగిలి స్టూలు మీది మంచినీళ్ల గ్లాసు ఒరిగిపోయింది. క్లబ్బువాళ్లిచ్చిన కరపత్రం, బొమ్మ చూడలేక ఆవిడ పొద్దున బోర్లా పెట్టినది, ఆ నీళ్లలో నానిపోయింది. పల్చటి కాగితం కావడంతో వెనకవైపుకి కూడా బొమ్మ తేలింది. బురదలో పేర్రాజు, నుదుట బాసికం, మడతపడ్డ ఎడంకాలు. కుడికాలు సుబ్బరంగా ఉంది.

ఆవిడ పకపకా నవ్వింది. ఆ చప్పుడుకి కోడలు సువర్చల పరుగెత్తుకొచ్చింది. "ఏవైందత్తయ్యా?"

"ఆ క్లబ్బువాళ్లకి ఫోన్ చెయ్యవే, నేనూ వస్తున్నానని. కుర్చీ ముందు వరసలో వద్దను. తెర పక్కన వెయ్యమను, జనం మొహాలు కనబడేట్టు."