మొదటి సంతకం

బైండింగు షాపులో అందరూ అతన్ని ఆమెనన్న అంటారు. ప్రార్థన ఎక్కడ వినబడినా, రేడియోలోనైనా సరే, చివర్లో "ఆమెన్" అంటూ అతని గొంతే ముందు లేస్తుంది. చర్చిలో సంఘపెద్ద కూడాను. ప్రభువు బల్ల ఆదివారాల్లో, క్రీస్తు జ్ఞాపకంగా పంచే రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది అతనే.

ఆ వారం థియేటర్లో ఒక కామెడీ సినిమా పడింది. అందులో పాస్టరు ఒంటి కన్ను తెరిచి ప్రార్థన చేస్తాడట, ఎవరు కునుకు తీస్తున్నారో చూసుకోవడానికి. ఆమెనన్న చూడలేదు, విన్నాడంతే. దానికే ఒళ్ళు మండిపోయింది. సినిమా ఆపించాలని అర్జీ రాసి, సంతకాలకు షాపులోనే శ్రీకారం చుట్టాడు.

ఇరవై ఏళ్ళుగా పక్క బల్ల దగ్గర పుస్తకాలు కుడుతున్న పెద్దాయనది వేరే మతం. ఆయన చేతికంటిన జిగురు తుడుచుకుని, కాగితమంతా చదివి, మొదటి సంతకం పెట్టాడు.

"మీకెందుకు బాబాయ్ ఈ శ్రమ," అన్నాడు ఆమెనన్న మొహమాటానికి.

"నీకు బాధేసింది కదా," అన్నాడు పెద్దాయన.

కటింగ్ మెషీను నడిపేవాడికి నోరు ఊరుకోదు. "అన్నా, పోయినేడు కుంటి పూజారి మీద కామెడీ సినిమా వస్తే నువ్వేగా ఇక్కడ కుంటుతూ నడిచి చూపించావు? కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. బాబాయ్ కూడా నవ్వాడు."

పెద్దాయన తలెత్తకుండా సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ఆమెనన్నకు తల కొట్టేసినట్టయింది. గురివింద గింజ సామెత అందరికీ వచ్చు, తన నలుపు చూసుకునేవాళ్ళే తక్కువ. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంకెవర్నీ అడగలేదు.

ఆదివారం పాస్టరు ఎప్పటిలాగే చెప్పాడు: సహోదరుడి మనసు నొప్పించినవాడు ముందు వెళ్ళి సమాధానపడి, తర్వాత ఈ బల్లకు రావాలి. ఎన్ని వందలసార్లు విన్న మాట అది. పళ్ళెం అందరికీ అందించి, చివరికి తన వంతు వచ్చేసరికి ఆమెనన్న చెయ్యి ముందుకు సాగలేదు. రొట్టె ముట్టకుండానే పళ్ళెం బల్ల మీద పెట్టేశాడు. ముందు వరసలో భార్య మొహం పాలిపోయింది. వెనక గుసగుసలు మొదలయ్యాయి. సిగ్గుతో చచ్చిపోతూ, అందరి మధ్య నుంచే నడిచి బయటికి వచ్చేశాడు.

నేరుగా పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. ఆయన గుమ్మంలో చెప్పులు కుట్టుకుంటున్నాడు.

"బాబాయ్, పోయినేడు నేను చేసింది తప్పు. క్షమించండి."

పెద్దాయన చెప్పు పక్కన పెట్టాడు. "మా నాన్న పూజారే. ఒక కాలు పొట్టి. చివరిదాకా అలాగే కుంటుకుంటూ గుడికెళ్ళేవాడు."

ఆమెనన్న తలెత్తి పెద్దాయన వైపు చూశాడు.

"నువ్వు బాగా నడిచావురా. అచ్చం ఆయనే నడిచినట్టుంది. నవ్వొచ్చింది నాకు, అబద్ధమెందుకు. ఇంటికొచ్చాక నాన్న ఫొటో వైపు చూడలేకపోయాను. అందరితోపాటు నవ్వానే అని."

నొప్పించింది తానైతే, ఏడాదిగా సిగ్గు మోసింది ఈయన. ఆమెనన్న జేబులోంచి అర్జీ తీసి చింపబోయాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చింపకు. నా సంతకం ఆ సినిమా ఆపడానికి పెట్టింది కాదు. పోయినేడు మా నాన్నలాంటి వాళ్ళ కోసం ఎవరైనా ఇలా ఒక సంతకం పెట్టుంటే బాగుండేదనిపించి పెట్టాను."

ఆమెనన్న గుమ్మం మెట్టు మీద కూలబడి తల దించుకున్నాడు.