కంప్యూటరుకు పంచనామా

ఊరి పేరు చెప్పను. చెబితే పెన్షన్ తీసుకుంటున్న ఒక పెద్దమనిషికి కోపం వస్తుంది. కొత్తగూడెంలో బస్సెక్కి, టేకులపల్లి దాటి, అడవిలో ఇంకో గంట కూర్చుంటే మా మండలాఫీసు వచ్చేదనుకోండి. 1998లో నేను అక్కడ టైపిస్టుని. పేరు సుబ్బరత్నం, మాది మధిర. టైపు హయ్యరు పాసయినందుకు ప్రభుత్వం నన్ను ఆ అడవికి పంపింది. పంపాక టైపు మిషన్ని మూలకు నెట్టి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

ఆ కంప్యూటరులో మొదట యూనిక్స్ అనే సిస్టం ఉండేది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. బొమ్మా లేదు, రంగూ లేదు. అందులో రెండేళ్లపాటు చుట్టుపక్కల తండాల, గూడేల కుటుంబ సర్వే అంతా నేనే ఎక్కించాను. పదకొండు వేల పేర్లు. ఎవరికి ఎస్టీ సర్టిఫికెట్ కావాలన్నా అందులో పేరు చూసి ఇవ్వడమే. ఎక్కించడం పూర్తయిన రోజు మా ఆఫీసరు వెంకటరామారావు గారు కొబ్బరికాయ కొట్టి, పాత కాగితం రిజిస్టర్లన్నీ చిత్తుకాగితాల బండి ఎక్కించేశారు. కంప్యూటరొచ్చాక ఇంకా చెదలకు మేత ఎందుకన్నారు. ఆ మాటకు జిల్లా మీటింగులో ఆయన్ని మెచ్చుకున్నారు కూడా.

వెంకటరామారావు గారు చెడ్డ మనిషి కాదు. లంచం ముట్టరు, ఆలస్యంగా రారు. కాకపోతే ఆయనకు ఉన్న ఒకే ఒక్క దేవుడు డిస్పాచ్ నంబరు. బయటికి వెళ్లే కాగితం మీద ఆ నంబరు పడిందంటే అందులో రాసింది నిజం. సూర్యుడు తూర్పున అస్తమిస్తాడని రాసి నంబరు వేస్తే, సాయంత్రం కుర్చీ తూర్పుకు తిప్పుకుని కూర్చునే రకం.

ఆ ఏడు జూన్‌లో విండోస్ కూడా పెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు దిగాడు. డిస్కులో సగం వాటా మొదటి నుంచీ ఖాళీగానే ఉందని, అందులో విండోస్ పెడతానని, పాతది పాత వాటాలో అలాగే ఉంటుందని, ఆన్ చేయగానే ఏది కావాలని మిషనే అడుగుతుందని చెప్పాడు. విండోస్ పెట్టాడు. అడిగే ఏర్పాటు చేసేలోగా బయట బస్సు హారన్ మోగింది. మా దారిలో అదే ఆఖరి బస్సు. మనిషి బ్యాగు సర్దుకుని పరుగెత్తాడు.

మర్నాడు ఆన్ చేస్తే కంప్యూటరు నన్నేమీ అడగలేదు. మబ్బుల బొమ్మ వేసుకుని నేరుగా విండోస్ వచ్చింది. ఆపి మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ మబ్బులే. పదకొండు వేల పేర్లలో ఒక్కటీ లేదు. ఆఫీసరు గారు మాత్రం అందులో పేకాట కనిపెట్టారు.

వారం తిరక్కుండా బిచ్యా వచ్చాడు. మూడు మైళ్ల అవతల అతని తండా. కూతురు మోతీ కొత్తగూడెం హాస్టల్లో ఉండి ఇంటరు పాసై, నర్సు ట్రైనింగుకు ఎంపికైంది.

"వచ్చే శుక్రారం ఖమ్మంల రమ్మన్నరమ్మా. ఎస్టీ కాయితం చూపియ్యకుంటే సీటు ఇంకొకలకు ఇస్తరంట," అన్నాడు.

రికార్డు కనబడటం లేదని ఆఫీసరు గారికి చెప్పాను. ఆయన పేకముక్కల మీంచి చూపు తిప్పకుండా ఆలోచించారు. ప్రభుత్వ రికార్డు పోతే ఏం చేయాలో రూల్సులో ఉందన్నారు. పంచనామా చేయాలి.

చెట్టు కూలినా, ఆవు చచ్చినా పంచనామా చేసిన చెయ్యి అది. కంప్యూటరుకూ చేసింది. మిషన్ని టేబులు మీద పడుకోబెట్టి, స్క్రూలు విప్పించి, మూత తీయించారు. చూసి సాక్ష్యం చెప్పడానికి ఇద్దరు పంచులు కావాలి. ఒకరు ఎదురు టీకొట్టు పగిడయ్య. రెండో మనిషి కోసం ఆఫీసరు గారు వరండాలోకి తొంగిచూస్తే, పొద్దున్నుంచీ అక్కడే కూర్చున్న బిచ్యా కనబడ్డాడు.

"బిచ్యా, ఇట్రా. దీంట్లకు చూడు. రికార్డులేమన్నా కనబడుతున్నయా?"

బిచ్యా చెప్పులు బయట విడిచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. "లేవు సారూ. దుమ్మున్నది. బల్లిగుడ్లు రెండున్నయ్."

మూలనున్న టైపు మిషన్ని లాక్కుని నేను అదంతా కొట్టాను. సదరు యంత్రములో దుమ్ము, బల్లిగుడ్లు రెండు తప్ప కుటుంబ సర్వే రికార్డులు ఏవియు లేవని పంచులు కళ్లారా చూసి నిర్ధారించడమైనది అని రాశాను. స్టాంపు ప్యాడు తెరిచి, బిచ్యా బొటనవేలు పట్టుకుని నేనే అద్దాను. ఎందుకని అతను అడగలేదు, నేను చదివి వినిపించలేదు. లోపల్లోపల నవ్వుకుంటున్నాను కూడా, సిగ్గులేకుండా. కాగితం నంబరు వేయించుకుని ఆ సాయంత్రమే జిల్లాకు పోయింది.

ఆ పంచనామా వల్ల ఒక్క లాభం జరిగింది. మూత బిగిస్తుంటే డిస్కు మీది చీటీ కనబడింది, నాలుగు వందల ఇరవై ఎంబీ అని. విండోస్‌లో చూస్తే డిస్కు మొత్తం రెండు వందల పదే చూపిస్తోంది. మిగతా సగం ఎటు పోయింది? రెండు గదుల ఇంట్లో ఒక గదికి తాళం పడితే గదిలో సామాను పోయినట్టు కాదు కదా.

మర్నాడు, అంటే బుధవారం, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"రికార్డులు ఎక్కడికీ పోలేదు మేడం," అన్నాడు. "ఏ వాటా నుంచి మొదలవ్వాలో చెప్పే గుర్తు ఒకటుంటుంది. విండోస్ దాన్ని తన వాటా మీద పెట్టేసుకుంది. డాస్‌లోకి పోయి ఎఫ్‌డిస్క్ అని కొట్టండి. వచ్చినదాంట్లో రెండు నొక్కి, గుర్తు పాత వాటా మీదికి మార్చండి. మూడు మాత్రం నొక్కకండి. మూడు నొక్కితే నిజంగానే పోతాయి."

ఇంత చిన్నదానికి పంచనామా ఏమిటని నవ్వాడు. ఆ రోజు నువ్వు బస్సెక్కకుండా ఉంటే అదీ ఉండేది కాదు నాయనా అని ఫోన్ పెట్టేశాను.

ఆఫీసరు గారు భోజనానికి వెళ్లగానే తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాను. రెండూ మూడూ కీబోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి. పదిహేనేళ్లుగా కళ్లు మూసుకుని టైపు కొట్టే దాన్ని, ఆ ఒక్క అంకె కోసం చూపుడువేలు ఎడమ చేత్తో పట్టుకుని నొక్కాను. ఆపి ఆన్ చేశాను. మబ్బులు రాలేదు. నల్లటి తెర వచ్చి పాస్‌వర్డు అడిగింది. నాకు ఏడుపొచ్చింది. బిచ్యా తండా తీశాను. ఇంటి యజమాని బిచ్యా, భార్య జమ్లి, కూతురు మోతీ. ప్రింటు తీశాను.

వెంకటరామారావు గారు వచ్చి తెర చూసి, "పేకాట పోయిందా?" అన్నారు. నేను ప్రింటు చేతిలో పెట్టాను. చదివి తిరిగి ఇచ్చేశారు.

"ఇవి లేవు," అన్నారు.

"కనబడుతున్నాయి కదండీ సార్."

"లేవని నంబరేసి పంపినం. ఇప్పుడు ఉన్నయంటే పంచనామా అబద్ధమైతది. దొంగ సాక్ష్యం కింద ముందు ఎవరి మీద కేసు పెట్టాలమ్మా? దాని మీద వేలిముద్ర ఎవరిది?"

బిచ్యా గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "నేను చూసింది పెట్టె సారూ," అన్నాడు నెమ్మదిగా. "నా బిడ్డ పేరు లేదని నేనెందుకంట?"

"నువ్వే గదయ్యా లేవన్నది. రికార్డులు దొరికినయని ఇంకో పంచనామాకు జిల్లా పర్మిషన్ అడుగుదాం. నెల పడుతది."

శుక్రవారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది. బిచ్యా కళ్లు ఆఫీసరు మీద లేవు, నా మీద ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది, ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ.

గురువారం నాలుగింటికి సంతకాల ఫోల్డరు తీసుకెళ్లాను. రోజూ ముప్పై కాగితాలుంటాయి. ఆఫీసరు గారు ఒక చేత్తో మౌసు పట్టుకుని, రెండో చేత్తో నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా పచ్చ ఇంకుతో గీస్తూ పోతారు. విత్తనాల ఇండెంటుకూ ఎవరిదో సెలవు చీటీకీ మధ్యన మోతీ సర్టిఫికెట్ పెట్టాను. గీశారు. నా బల్ల దగ్గరికి వచ్చి సీలు వేసి, డిస్పాచ్ రిజిస్టర్‌లో ఎక్కించి, నంబరు వేశాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను.

"సార్, ఇదొకసారి చదవండి."

చదివారు. "దీని మీద సంతకం ఎప్పుడు పెట్టిన?"

"ఇప్పుడే సార్. అందులో ఉన్నదంతా రికార్డులో ఉన్నదే."

"చింపెయ్."

"నంబరు పడింది సార్."

ఆయన ఆ నంబరు వైపు చూశారు. కుర్చీ కంప్యూటరు వైపు తిప్పుకున్నారు. "ఆ పేకాటను మళ్లీ ఎట్ల తెస్తవో చూడు," అన్నారు. తెచ్చాను. ఆ తర్వాత ఆయన భోజనాల వేళలో పాత వాటా, మిగతా వేళల్లో మబ్బులు. కాగితాల ప్రకారం ఆ వాటా ఇప్పటికీ లేదు.

సాయంత్రం బస్సు దిగి మోతీ వచ్చింది. తండ్రీ కూతుళ్లు నా బల్ల దగ్గర నిలబడ్డారు. సర్టిఫికెట్ ముట్టినట్టు రిజిస్టర్‌లో దరఖాస్తు పెట్టినవాళ్ల వేలిముద్ర కావాలి, దరఖాస్తు బిచ్యాది. నేను స్టాంపు ప్యాడు తెరిచి చెయ్యి చాచాను. బిచ్యా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ముందు నా బిడ్డను చదవనియ్యమ్మా," అన్నాడు.

మోతీ సర్టిఫికెట్ పైనుంచి కిందికి గట్టిగా చదివింది. తర్వాత రిజిస్టర్ తన వైపు తిప్పుకుని ఆ వరస కూడా చదివింది. "కాయితం ముట్టిందని రాసున్నది బాపూ."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు."

అప్పుడు బొటనవేలు ముందుకు చాచాడు. ప్యాడు పట్టుకుని ఎదురుగా నేనున్నాను. అతను వేలిని కూతురి చేతికిచ్చాడు.